కొండ బడిలో తొలి అభ్యాసకుడు: తూర్పు కనుమల్లో ఇంగ్లీషు, తెలుగు బోధన చరిత్ర – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తూర్పు కనుమల్లోని ఆదివాసీ గ్రామాల బడుల గురించి చర్చ జరిగినప్పుడల్లా వనరుల కొరత ప్రస్తావనకు వస్తుంది. గదులు చాలవు, పుస్తకాలు వేళకు అందవు, ఒకే ఉపాధ్యాయుడు అన్ని తరగతులకూ పాఠం చెప్పవలసి వస్తుంది. ఇవన్నీ నిజమైన లోపాలే. అయితే భాషాబోధనకు వీటన్నింటికంటే ముందు లెక్కించవలసిన వనరు ఒకటుంది. అది పిల్లల ఇంటిభాష ఉపాధ్యాయుడికి తెలిసి ఉండడం. మైదాన ప్రాంతపు బడుల్లో ఈ వనరు అడగకుండానే అమరుతుంది కాబట్టి అక్కడ దానిని ఎవరూ వనరుగా గుర్తించరు. కొండ బడిలో అది లేకపోతే ఇంగ్లీషూ తెలుగూ రెండూ ఒకే విధంగా పరభాషలుగా మిగిలిపోతాయి.

పర్లాకిమిడి నుంచి అరకులోయ వరకు ఉన్న కొండప్రాంతంలో గత నూరేళ్లకు పైగా జరిగిన భాషాబోధన ప్రయత్నాలను ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ ప్రయత్నాల్లో ఫలితమిచ్చిన ప్రతిచోటా విద్యార్థికంటే ముందు ఉపాధ్యాయుడో, అధికారో, పండితుడో పరభాషాభ్యాసకుడు కావడం కనిపిస్తుంది.

అరకులోయ భాషాస్థితి

అరకులోయ, డుంబ్రిగుడ, అనంతగిరి, హుకుంపేట, పాడేరు మండలాల్లో ఒక సంతరోజున వినిపించే భాషలు ఒక కుటుంబానికి చెందినవి కావు. కువి, కొండ (కూబి) భాషలు ద్రావిడ కుటుంబానివి. ఆదివాసీ ఒడియా ఇండో–ఆర్య భాష. గదబ అనే ఒకే తెగపేరు కింద రెండు వేర్వేరు కుటుంబాల భాషలున్నాయి: గుతొబ్ ముండా శాఖకు చెందినది, ఒల్లారి ద్రావిడ భాష. ఉత్తరాన సీతంపేట, పర్లాకిమిడి, గుణుపురం కొండల్లో మాట్లాడే సవర కూడా ముండా శాఖకు చెందినదే. బగతలు తెలుగు మాట్లాడతారు. భిన్న తెగలవారు కలుసుకునేచోట ఆదివాసీ ఒడియా అనుసంధాన భాషగా పనిచేస్తుంది.

ఈ పరిస్థితిలో పెరిగే పిల్లవాడు బడికి వచ్చేనాటికే ఒకటికి మించి భాషలు విని ఉంటాడు. ఇంట్లో కువి మాట్లాడే పిల్లవాడికి సంతలో ఆదివాసీ ఒడియా చెవిన పడుతుంది. దానిని అతడికి ఎవరూ పలకమీద రాసి నేర్పరు. బేరం తెలియడానికి, దారి అడగడానికి, ఆటలో కలవడానికి అవసరమైనంత మేరకు తానే పట్టుకుంటాడు. బడిలో చేరినవెంటనే ఈ సామర్థ్యానికి విలువ పోతుంది. పాఠశాల రికార్డులో తెలుగు అతడికి ‘ప్రథమ భాష’ అవుతుంది. 1968 జాతీయ విద్యావిధానం అమలులోకి తెచ్చిన త్రిభాషా సూత్రంలో తెలుగు, హిందీ, ఇంగ్లీషులకు స్థానముంది. కువి, కొండ, సవర భాషలకు లేదు. నిజానికి ఆ పిల్లవాడు నేర్చే ఇంగ్లీషు మూడవదో నాలుగవదో అయిన భాష. దానిని వివరించడానికి ఉపాధ్యాయుడు ఆశ్రయించే తెలుగు కూడా అతడు ఇంకా నేర్చుకుంటున్న భాషే. తెలియని మాటకు తెలియని మరొక మాటతో అర్థం చెప్పడం ఇక్కడి ఇంగ్లీషు బోధనలోని మూలసమస్య.

పర్లాకిమిడి ప్రయోగం

ఈ సమస్యను ముందుగా గుర్తించినవారిలో గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) ముఖ్యులు. వారు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించారు. పట్టణానికి వచ్చిపోయే సవరలతో పరిచయం కలిగిన తరువాత వారికి చదువు చెప్పాలన్న సంకల్పం కలిగింది. ఆ సంకల్పం ఆచరణలోకి రావడానికి ముందు ఆయన చేసిన పని గమనించదగినది. సవరలకు తెలుగు నేర్పడంతో మొదలుపెట్టకుండా, తాను సవర నేర్చుకోవడంతో మొదలుపెట్టారు. తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒక వ్యక్తిని ఇంట్లో పెట్టుకొని వినికిడి ద్వారానే భాష పట్టుకున్నారు. అప్పటికి ఆయన చేతిలో సవర వ్యాకరణం గాని, నిఘంటువు గాని లేదు. ఏ వనరూ లేని పరభాషాభ్యాసకుడి స్థితి ఎలా ఉంటుందో ఆయనకు ఈ విధంగా స్వానుభవంలోకి వచ్చింది.

తరువాత ఆయన సవరభాషలో పుస్తకాలు రాశారు. సొంత ఖర్చుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలు చెల్లించి, సవరలకు వారి భాషలోనే చదువు చెప్పే ఏర్పాటు చేశారు. ఈ కృషి పండితలోకానికి గ్రంథరూపంలో అందడానికి దశాబ్దాలు పట్టింది. సవరభాషా పరిచయ గ్రంథం 1931లోను, ఇంగ్లీషు–సవర నిఘంటువు 1933లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం నుంచి వెలువడ్డాయి.

ఈ మూడు గ్రంథాలూ ఇంగ్లీషులో ఉండడం వాటి వినియోగదారు ఎవరో తెలుపుతుంది. ఇంగ్లీషు నేర్వదలచిన సవర బాలుడు వీటిని చదవలేడు. సవర నేర్వదలచిన ఉపాధ్యాయుడు, అధికారి, భాషాశాస్త్రవేత్త చదవగలరు. ముఖ్యంగా ఇంగ్లీషు నుంచి సవరకు పోయే నిఘంటువు, చెప్పదలచిన భావానికి సవరలో మాట వెతుక్కునేవాడికి పనికివస్తుంది. సవర క్రియ తనలో నామపదాన్ని పొదువుకొని, తెలుగులో ఒక వాక్యానికి సరిపోయే అర్థాన్ని ఒక్క పదంలో చెప్పగలదు. అటువంటి భాష మాట్లాడే పిల్లవాడు తెలుగు వాక్యంలోగాని ఇంగ్లీషు వాక్యంలోగాని మాటల మధ్య ఎందుకు తడబడతాడో ఆ వ్యాకరణం తెలిసిన ఉపాధ్యాయుడికి బోధపడుతుంది. తెలియని ఉపాధ్యాయుడికి అది మందబుద్ధిగా కనిపిస్తుంది.

సవరల ప్రాంతానికి దక్షిణాన సాలూరు పరిసరాల్లో పనిచేసిన జర్మన్ మిషనరీ షుల్జే కూడా ఇదే మార్గం అనుసరించారు. ఆయన రచించిన కువి వ్యాకరణం 1911లో మద్రాసులో అచ్చయింది. మతప్రచారకుడి ఉద్దేశం వేరు, గిడుగువారి ఉద్దేశం వేరు. కాని ఇద్దరూ కొండవాసులకు ఏదైనా చెప్పే ముందు వారి భాష వినవలసి ఉందని గ్రహించారు.

యేట్స్ ప్రశ్న, ప్రత్యక్ష పద్ధతి

గిడుగువారి సవర కృషికీ వ్యావహారిక భాషోద్యమానికీ మధ్య ఉన్న సంబంధాన్ని సాధారణంగా ఒకే వ్యక్తి చేపట్టిన రెండు పనులుగా మాత్రమే చెప్పుకోవడం జరుగుతోంది. భాషాబోధన దృష్టితో చూస్తే వాటి మూలం ఒకటే. ఉత్తర సర్కారు జిల్లాల పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా 1907 ప్రాంతంలో వచ్చిన జె.ఎ. యేట్స్ తెలుగు నేర్చుకుంటున్న ఆంగ్లేయుడు. తాను పుస్తకాల్లో చదివిన తెలుగు ఒకటి, వీధిలో వినిపించే తెలుగు మరొకటి కావడం ఆయనను ఇబ్బంది పెట్టింది. ఈ భేదం ఎందుకుండాలన్న ఆయన ప్రశ్న విశాఖపట్నంలోని పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా గురజాడ, గిడుగుల వద్దకు చేరింది. తెలుగు మాతృభాషగా ఉన్న పండితులకు సహజంగా తోచిన భేదం, దానిని పరభాషగా నేర్చేవాడికి అడ్డంకిగా కనిపించింది. ఆధునిక తెలుగు గద్యం దిశ మార్చిన ఉద్యమానికి ఒక పరభాషాభ్యాసకుడి సందేహం ప్రేరణ అయిందన్నది మరచిపోరాని విషయం.

ఆ కాలంలోనే ఇంగ్లీషు బోధనలో ప్రత్యక్ష పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. అనువాదం విడిచి, వస్తువును చూపుతూ, చర్యను చేసి చూపుతూ ఇంగ్లీషును ఇంగ్లీషులోనే నేర్పడం దాని సారాంశం. మద్రాసు రాజధానిలో ఈ పద్ధతిని ప్రచారం చేసినవారిగా యేట్స్ పేరు ఇంగ్లీషు బోధన చరిత్రల్లో కనిపిస్తుంది. వాగ్రూపమే భాషకు మూలమన్న సూత్రం ఇంగ్లీషు తరగతికి, తెలుగు గద్య చర్చకు, సవర బడికి ఒకేసారి వర్తించడం ఈ కాలపు విశేషం.

ప్రత్యక్ష పద్ధతికి పైకి చూస్తే ఖర్చు తక్కువ. రాయి, ఆకు, కుండ, చేయి చాలు. కాని దానికి కనిపించని ఖర్చులున్నాయి. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడే ఉపాధ్యాయుడు కావాలి, తరగతి చిన్నదై ఉండాలి, రోజులో భాషకు చాలా సమయం దొరకాలి. కొండ బడిలో ఈ మూడూ అరుదు. పైగా వస్తువును చూపి నేర్పగలిగిన మాటలు కొన్నే. ‘నిన్న’, ‘ఎందుకంటే’, ‘అయినా’ వంటి మాటల దగ్గరకు వచ్చేసరికి ఉపాధ్యాయుడు పిల్లల భాషను ఆశ్రయించక తప్పదు. ఆ భాష అతడికి రాకపోతే పద్ధతి అక్కడితో ఆగిపోతుంది.

క్లిష్ట పరిస్థితుల సిద్ధాంతంలో ఒక ఖాళీ

వనరులు చాలని తరగతుల్లో ఇంగ్లీషు బోధనను శాస్త్రీయంగా ఆలోచించినవారిలో మైకేల్ వెస్ట్ ప్రముఖులు. ఢాకాలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన ఆయన 1926లో బెంగాల్‌లోని ద్విభాషాస్థితిపై గ్రంథం ప్రచురించారు. బడిలో చేరిన పిల్లల్లో చాలామంది చదువు పూర్తిచేయరన్నది ఆయన వాదానికి ఆధారం. గడువుకు ముందే వదులుకున్న బీమా పాలసీకి కొంత సొమ్ము తిరిగి వచ్చినట్లు, మధ్యలో బడి మానేసిన పిల్లవాడికి కూడా చేతిలో ఏదో ఒక ఉపయోగం మిగలాలని ఆయన అన్నారు. బెంగాల్ పిల్లలకు ఇంగ్లీషు మాట్లాడడం కంటే చదవగలగడం అటువంటి ఉపయోగమని భావించి, పరిమిత పదజాలంతో వాచకాలు తయారుచేశారు. 1960లో వెలువడిన మరొక గ్రంథంలో ‘క్లిష్ట పరిస్థితులు’ అన్న మాటకు వివరణ ఇచ్చారు: ముప్పైమందికి మించి, తరచు నలభై యాభైమంది ఉండే తరగతి, ఇరుకైన బల్లలు, వేర్వేరు స్థాయిల పిల్లలు, ఇంగ్లీషు అంతంతమాత్రంగా మాట్లాడే ఉపాధ్యాయుడు, వేడి వాతావరణం.

రెండు దశాబ్దాల తరువాత దక్షిణ భారతంలో ఎన్.ఎస్. ప్రభు నాయకత్వంలో 1979 నుంచి 1984 వరకు జరిగిన బెంగళూరు ప్రయోగం మరొక అడుగు వేసింది. సాధారణ పాఠశాలల్లోనే, నల్లబల్ల, సుద్దముక్క, కాగితం వంటి సామాన్య సాధనాలతోనే అది నడిచింది. వేళల పట్టిక చూసి ప్రశ్నలకు జవాబు చెప్పడం, పటంలో దారి కనుక్కోవడం వంటి పనులు ఇచ్చి, పిల్లల దృష్టి అర్థంమీద నిలిచినప్పుడు వ్యాకరణం దానంతట అది అలవడుతుందన్నది ఆ ప్రయోగం వెనుక ఉన్న విశ్వాసం. సంతలో ఆదివాసీ ఒడియా పట్టుకున్న అరకు పిల్లవాడి అనుభవానికి ఇది చాలా దగ్గరగా ఉంది.

ఈ రెండు ఆలోచనలూ కొండ బడికి విలువైనవే. కాని రెండింటిలోనూ చెప్పకుండా ఊహించుకున్న వనరు ఒకటుంది. ఢాకా తరగతిలో ఉపాధ్యాయుడూ పిల్లలూ బెంగాలీ మాట్లాడేవారు. ప్రభు ప్రయోగం జరిగిన పట్టణాల్లో కూడా ఉపాధ్యాయుడికీ పిల్లలకూ ఉమ్మడిగా తెలిసిన భాష ఉండేది. పని ఏమిటో పిల్లలకు అర్థం కాకపోతే ఆ భాషలో ఒక్క మాట చెప్పి ముందుకు సాగవచ్చు. వెస్ట్ ఇచ్చిన క్లిష్టతల జాబితాలో బల్లలున్నాయి, ఎండ ఉంది. పిల్లల భాష ఉపాధ్యాయుడికి తెలియకపోవడం లేదు. ఆ క్లిష్టత బెంగాల్‌లో ఆయనకు ఎదురుకాకపోవడమే దీనికి కారణం కావచ్చు. తూర్పు కనుమల అనుభవం ఆ జాబితాలో చేర్చవలసిన మొదటి అంశం అదే.

పరిశోధన పెరిగినా బడికి చేరని జ్ఞానం

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఆ రాష్ట్రంలో చేరింది. గిడుగువారు రాజమహేంద్రవరానికి నివాసం మార్చుకున్నారు. సవరల ప్రాంతం రెండు రాష్ట్రాల మధ్య, రెండు బోధనభాషల మధ్య చీలింది. అదే సంవత్సరంలో మంగెయి గొమాంగో సవరకు ‘సొరాంగ్ సొంపెంగ్’ అనే ప్రత్యేక లిపిని రూపొందించారు. ఫలితంగా ఒక చిన్న భాషకు తెలుగు, ఒడియా, రోమన్, స్వంత లిపి అన్న నాలుగు మార్గాలు ఏర్పడ్డాయి. ఒకచోట తయారైన పాఠ్యసామగ్రి మరొకచోట అక్కరకు రాని స్థితి వచ్చింది.

స్వాతంత్ర్యానంతరం కొండభాషల వర్ణనాత్మక అధ్యయనం బాగా సాగింది. భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతంలో క్షేత్రపరిశోధన చేసి రచించిన కొండభాషా గ్రంథం 1969లో హైదరాబాదు నుంచి వెలువడింది. భాషాబోధనకు పనికివచ్చే విశేషాలు అందులో ఎన్నో ఉన్నాయి. ఒక్క ఉదాహరణ: తెలుగు ఉచ్చారణలో ర, ఱల మధ్య భేదం పోయి, ఱ అక్షరం వర్ణమాలలో మాత్రమే మిగిలింది. కొండభాషలో ఆ రెండు ధ్వనుల భేదం సజీవంగా ఉంది. కొండ పిల్లలకు తెలుగు లిపిలో పుస్తకం రాసేవారికి తెలుగు పిల్లల వాచకం వదిలేసిన అక్షరమే మళ్లీ అవసరమవుతుంది. ఇటువంటి జ్ఞానం ద్రావిడ భాషాశాస్త్రాన్ని సంపన్నం చేసింది. బడిలో పాఠం చెప్పే ఉపాధ్యాయుడి శిక్షణలో మాత్రం దానికి చోటు దొరకలేదు. ఇంగ్లీషు ఉపాధ్యాయుల శిక్షణకోసం 1958లో హైదరాబాదులో కేంద్రీయ ఆంగ్ల సంస్థ ఏర్పడింది. ఒకే నగరంలో ఒకవైపు కొండభాషల వ్యాకరణం, మరొకవైపు ఇంగ్లీషు బోధనశాస్త్రం పెరిగాయి. ఈ రెండు జ్ఞానాలూ అరకు తరగతి గదిలో కలుసుకోవలసినవి.

వాటిని కలిపే అవకాశం 2004లో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, లంబాడా అనే ఎనిమిది భాషల్లో మాతృభాషాధారిత బహుభాషా విద్యను ప్రారంభించింది. తెలుగు లిపిలో వాచకాలు తయారయ్యాయి. ఇంటిభాషతో మొదలుపెట్టి, తెలుగును, తరువాత ఇంగ్లీషును క్రమంగా చేర్చడం ఆ ప్రణాళిక సారం. గిడుగువారి బడుల వెనుక ఉన్న సూత్రం దాదాపు నూరేళ్లకు ప్రభుత్వ కార్యక్రమమైంది.

ఆ సూత్రం అవసరం ఎంతటిదో సవర సంఖ్యామానం స్పష్టంగా చూపుతుంది. తెలుగు పదిని ఆధారం చేసుకొని లెక్కిస్తుంది. పదమూడు అంటే పది, మూడు. ఇంగ్లీషులోనూ అంతే. సవరలో పన్నెండుకు స్వతంత్రమైన పేరుంది. పదమూడు అంటే పన్నెండు, ఒకటి. ఇరవై తరువాత ఇరవైలతో లెక్క సాగుతుంది. ముప్పైమూడు చెప్పాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి కలపాలి. ఇది తెలియని ఉపాధ్యాయుడు పిల్లవాడికి ఇంగ్లీషు అంకెల పేర్లు రాలేదనుకుంటాడు. తెలిసిన ఉపాధ్యాయుడికి పిల్లవాడు రెండు గణనపద్ధతుల మధ్య మార్పిడి చేస్తున్నాడని అర్థమవుతుంది. మొదటి ఉపాధ్యాయుడికి ఎన్ని పటాలు, ఎన్ని పరికరాలు ఇచ్చినా ఈ లోపం తీరదు.

ఇంగ్లీషు మాధ్యమం, ఉపాధ్యాయ నియామకం

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని ప్రవేశపెడుతూ 81, 85 సంఖ్యల ఉత్తర్వులు జారీచేసింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని రద్దుచేసింది. ఆ చర్చ ప్రధానంగా తెలుగా, ఇంగ్లీషా అన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. కొండ గ్రామాలకు ఆ ప్రశ్న మరొక రూపంలో ఎదురవుతుంది. కువి బాలుడికి తెలుగు మాధ్యమం మాతృభాషా మాధ్యమం కాదు. ఇంగ్లీషు కావాలని ఆదివాసీ తల్లిదండ్రులు కోరుకోవడం న్యాయమైనది. ఉన్నత విద్యకు, ఉద్యోగానికి, న్యాయస్థానానికి ఇంగ్లీషు దారి అని వారు అనుభవంతో తెలుసుకున్నారు. ఆ కోరికను కాదనే అధికారం తెలుగువారికి లేదు. అక్కడికి చేరే మార్గం పిల్లల భాషమీదుగా సాగుతుందా, దానిని తప్పించి పోతుందా అన్నదే తేల్చవలసిన ప్రశ్న. రాజ్యాంగంలోని 350–ఎ అధికరణం, 2009 విద్యాహక్కు చట్టం ప్రాథమిక దశలో మాతృభాషకే మొగ్గు చూపాయి.

ఆ మార్గంలో నడిపించే ఉపాధ్యాయుడి ప్రశ్న కూడా 2020లోనే ముందుకు వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల పాఠశాలల్లో ఉపాధ్యాయ పదవులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000 జనవరిలో వచ్చిన 3వ నంబరు ఉత్తర్వును సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. ఆ ఉత్తర్వు వల్ల పిల్లల భాష తెలిసినవారు బడికి వచ్చే అవకాశం పెరిగింది. అయితే అది తెగను కొలమానంగా తీసుకుంది, భాషను తీసుకోలేదు. తెలుగు మాతృభాషగా గల బగత ఉపాధ్యాయుడు కువి గ్రామంలో భాషాపరంగా పరాయివాడే. గదబల విషయంలో తెగపేరు ఒకటే అయినా భాష ఏదో తెలియదు. ఉత్తర్వు ఉన్నప్పుడూ, పోయినప్పుడూ ‘ఈ ఊరి పిల్లల భాష ఈ ఉపాధ్యాయుడికి వచ్చునా?’ అన్న ప్రశ్న విడిగా అడగవలసినదిగానే మిగిలింది.

ముగింపు

ఈ పరిశీలన నుంచి కొన్ని అంశాలు తేలుతున్నాయి. తూర్పు కనుమల్లో ఇంగ్లీషు బోధనకు కొరవడిన ముఖ్యవనరు ఉపాధ్యాయుడి భాషాజ్ఞానం. దానిని సంపాదించడానికి పెద్ద సాధనసంపత్తి అక్కరలేదని పర్లాకిమిడి ప్రయోగం నిరూపించింది. ఇప్పుడు గిడుగువారికి లేని వ్యాకరణాలు, నిఘంటువులు ఉన్నాయి. వెస్ట్ చెప్పిన పరిమిత పదజాల వాచకాలు, ప్రభు చెప్పిన అర్థప్రధానమైన పనులు ఉమ్మడి భాష ఉన్న తరగతిలో మాత్రమే పూర్తి ఫలితమిస్తాయి. కాబట్టి వాటికంటే ముందు ఆ ఉమ్మడి భాషను ఏర్పరచాలి.

ఇందులో తెలుగు శాఖల బాధ్యత ఇంగ్లీషు శాఖల బాధ్యతకు తక్కువ కాదు. కొండ బడిలో తెలుగు రెండవ భాష అని అంగీకరించి, తెలుగును రెండవ భాషగా బోధించే వాచకాలను కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలకోసం విడివిడిగా తయారుచేయవలసి ఉంది. ఇంగ్లీషులో ఉన్న కొండభాషల వ్యాకరణాలను ఉపాధ్యాయుడు చదవగలిగే తెలుగులోకి తేవలసి ఉంది. ఒకప్పుడు ఐ.సి.ఎస్. అధికారులు తాము పాలించే ప్రాంతపు భాషలో పరీక్ష రాసి నెగ్గవలసి వచ్చేది. కొండ బడిలో నియమితుడైన ఉపాధ్యాయుడికి, అతడు ఏ తెగవాడైనా, ఆ ఊరి భాషలో నిర్ణీత గడువులోగా అటువంటి పరీక్ష పెట్టడం, అందుకు తగిన శిక్షణ ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. ఆ శిక్షణకు కావలసిన పాఠ్యప్రణాళిక రూపొందించడం విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు వెంటనే చేపట్టదగిన పని.